నాలుగు మిల్లీమీటర్ల సందు

పాత ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు కొనడానికి వెళ్లిన మనిషి, తెలిసినవాడైతే, ముందుగా ఇంజను స్టార్ట్ చేయమని అడగడు. తలుపు దగ్గరికి వెళ్లి, దాని వెనక అంచుకీ పక్కనున్న మడ్‌గార్డుకీ మధ్య ఉన్న సందు చూస్తాడు. తర్వాత కారు ఒక మూల కింద జాకీ పెట్టించి పైకి ఎత్తిస్తాడు. మళ్లీ వచ్చి అదే సందు చూస్తాడు. ఇందాక పైనా కిందా ఒకేలా ఉన్నది ఇప్పుడు మారిపోయి, తలుపు లాగబోతే కిర్రుమని పట్టేస్తే, ఇచ్చిన టీ తాగి మర్యాదగా సెలవు తీసుకుంటాడు.

ఆ తలుపు పీకేసి కొత్తది బిగించినా జాకీ ఎత్తగానే అదీ అలాగే పట్టేస్తుంది. వంగుతున్నది కారు ఒళ్లు. ఆ వంపు కంటికి కనబడే చోటు తలుపు అంచు. తక్కెడకు ముల్లు ఎలాగో పైకప్పు లేని కారుకు తలుపు సందు అలాగ. సుమారు నాలుగు మిల్లీమీటర్లు, అంటే మూడు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పేర్చినంత. అంత ఇరుకు సందులోంచి కారు ఆరోగ్యమంతా తొంగిచూడొచ్చు, చదవడం వస్తే.

ఎం.జి. అంటే మోరిస్ గరాజెస్. ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లోని ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్లో వాళ్ల ఫ్యాక్టరీ. ఎం.జి.బి. 1962లో వచ్చింది. 1980 అక్టోబరులో ఫ్యాక్టరీ మూతపడేదాకా, పైకప్పు ఉన్న జి.టి. రకంతో కలిపి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఆబింగ్డన్‌లో కార్లను వాటంతటవే నడిపించే కన్వేయర్ లేదు. ఒకచోట పని అయ్యాక మనుషులే తోసుకుంటూ తర్వాతి చోటికి తీసుకెళ్లేవారు. బాడీ స్విండన్‌లోని ప్రెస్డ్ స్టీల్ కార్ఖానా నుంచి వచ్చేది. దీనికి ముందున్న ఎం.జి.ఎ.లో కింద చాసీ వేరు, పైన బాడీ వేరు. ఎం.జి.బి.లో వేరే చాసీ అంటూ లేదు. గుడ్డుకు పెంకే బలమైనట్టు, మడిచి అతికిన రేకుల డొల్లే మొత్తం బరువు మోస్తుంది.

డొల్లకు బలం ఎక్కణ్నుంచి వస్తుందో తెలుసుకోవాలంటే ఖాళీ చెప్పుల డబ్బా ఒకటి చాలు. మూతపెట్టి చుట్టూ టేపు అంటించండి. రెండు చివరలా పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టండి. మొండికేస్తుంది. ఇప్పుడు మూత తీసేసి మళ్లీ మెలిపెట్టండి, చేతుల్లో మెలికలు తిరిగిపోతుంది. అట్ట అదే, మందం అదే. పోయింది పైకప్పు ఒక్కటే. పైకప్పు లేని స్పోర్ట్స్ కారంటే మూత తీసిన చెప్పుల డబ్బా. అది చాలదన్నట్టు రెండు పక్కలా తలుపుల కోసం గోడలు కూడా కోసేశారు. కారు ముందు సగాన్నీ వెనక సగాన్నీ కలిపి ఉంచడానికి ఇక మిగిలినవి నడుమ గేరుబాక్సు మీదుగా వెళ్లే సొరంగం లాంటి భాగం, తలుపుల కింద పొడుగునా సాగే రెండు డొల్ల దూలాలు. ఆ దూలాన్ని ఇంగ్లీషువాళ్లు సిల్ అంటారు. ఇంటి విషయంలో మనం గడప అంటాం. ఇక్కడా గడప అనే పిలుద్దాం, మాట బాగా అతుకుతుంది.

ఎం.జి.బి. గడప ఒకే రేకు కాదు. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, వాటి మధ్య నిలువుగా ఒక అడ్డు పొర, అడుగున ఇంకో మడత రేకు. అన్నీ కలిసి మూసుకున్న పెట్టెలా ఉంటాయి. మూసుకుని ఉండడంలోనే కిటుకంతా ఉంది. అగరుబత్తులు వచ్చే గుండ్రటి అట్ట గొట్టం దొరికితే మెలిపెట్టి చూడండి. తర్వాత బ్లేడుతో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే ఒక గీత కోసి మళ్లీ మెలిపెట్టండి. అట్ట రవ్వంత కూడా పోలేదు, అయినా గొట్టం చచ్చుబడిపోయింది. మూసిన గొట్టానికీ చీల్చిన గొట్టానికీ మెలి తట్టుకోవడంలో తేడా ఎంతో లెక్కకట్టొచ్చు. వ్యాసార్ధాన్ని మందంతో భాగించి, వర్గం చేసి, మూడుతో హెచ్చించాలి. రెండు సెంటీమీటర్ల వ్యాసార్ధం, ఒక మిల్లీమీటరు మందం ఉన్న గొట్టానికి ఇది 1200 రెట్లు! పలచని గోడల మూసిన గొట్టాలు మెలిని ఎలా మోస్తాయో చెప్పే సూత్రాన్ని 1896లో ప్రచురించినవాడు రుడాల్ఫ్ బ్రెట్ అనే జర్మన్ ఇంజనీరు. ఆయన పని క్రేన్లు కట్టడం.

ఇంగ్లండు చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ముందు చక్రం చిమ్మిన ఉప్పు బురద మడ్‌గార్డు వెనక పేరుకుని, గడప ముందు చివరను తడిగా ఉంచుతుంది. తుప్పు అడుగు అతుకు వెంబడి పాకుతుంది. బయటికి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం మూసిన పెట్టె చీల్చిన గొట్టమైపోతుంది. పదో వంతు రేకు పోతే పదో వంతు బలం పోయిందనుకుంటే పొరపాటు. ఆ పదో వంతు అతుకు వెంబడే పోతే, మెలి తట్టుకునే శక్తి దాదాపు మొత్తం పోయినట్టే.

మెలి ఒక సంగతి, వంపు ఇంకొకటి. కారు నాలుగు చక్రాల మీద నిలబడినప్పుడు ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2.3 మీటర్లు. రెండు గోడల మీద ఆనించిన దూలంలాగా నడుమ భాగం కిందికి దిగాలని చూస్తుంది. మంచిగంధపు చెక్కలాంటి గట్టి గడప ఉంటే దిగదు. పుచ్చిపోతే కొద్దిగా దిగుతుంది. ఆ కొద్దిగా ఎంత? ముందు సగం, వెనక సగం ఒకదానివైపు ఒకటి అర డిగ్రీ ఒరిగాయనుకుందాం. అర డిగ్రీ ఒరిగిన గోడను మనం నిటారుగానే ఉందనుకుంటాం. కానీ గడప నుంచి తలుపు పై అంచుదాకా ఎత్తు అర మీటరు. అర మీటరు ఎత్తున అర డిగ్రీ అంటే 4.4 మిల్లీమీటర్లు. సందు ఉన్నదే నాలుగు. మూసుకుపోయింది.

తలుపు వెనక సందు పైన ఇరుకై కింద వెడల్పైతే నడుము కుంగిందని అర్థం. పైన విచ్చుకుని కింద ఇరుకైతే, నడుము పైకి పొంగింది. ఎవరో కారును మధ్యలో ఎత్తి ఉంచి గడపలు అతికేశారన్నమాట. ఎడమ తలుపు వెనక అంచు మడ్‌గార్డు కంటే ఎత్తుగానూ కుడి తలుపుది పల్లంగానూ ఉంటే ఒళ్లు మెలిపడిందేమోనని అనుమానించాలి. వైద్యుడు నాడి పట్టుకున్నట్టే ఇదంతా. రోగం ఒకచోట, చెయ్యి ఇంకోచోట.

మా ఇంట్లో వీధి తలుపు ఒక వానాకాలం నేలకు రాసుకోవడం మొదలుపెట్టింది. చెక్క ఉబ్బిందనుకుని, అడుగు చిత్రిక పట్టమని వడ్రంగిని పిలిచాం. ఆయన చిత్రిక సంచిలోంచి తీయనే లేదు. దారానికి ఇనప గుండు కట్టి ద్వారబంధం పక్కన వేలాడదీసి, కాసేపు చూసి, "తలుపుదేం తప్పులేదండీ, బంధమే ఒరిగింది. ఇప్పుడు చెక్క తీసేస్తే ఎండాకాలం మీరే నన్ను తిట్టుకుంటారు" అన్నాడు. ఆయన మాట ఎం.జి.బి. రిపేరు పుస్తకంలో మొదటి పేజీలో అచ్చువేయాల్సింది. సందు సరిగ్గా లేదని హింజ్ బోల్టులు వదులు చేసేవాళ్లే ఎక్కువ. గడప పుచ్చిన కారుకు తలుపు సరిచేయడమంటే, ముల్లును వేలితో పట్టుకుని తూకం సరిచేయడం.

గడపను బలంగా చేయడానికి సులువైన దారి దాన్ని ఎత్తుగా చేయడమే. పలకను బల్లపరుపుగా పెడితే వంగుతుంది, నిలువుగా పెడితే వంగదని ఇల్లు కట్టినవాళ్లందరికీ తెలుసు. దూలం లోతు రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. మెర్సిడెస్ బెంజ్ ఇంజనీర్లు 300 ఎస్.ఎల్. కారులో సన్నటి ఉక్కు గొట్టాలను పందిరిలా అల్లి చట్రం చేశారు. ఆ అల్లిక పక్కల్లో ఎంత ఎత్తుకు వచ్చిందంటే మామూలు తలుపు పెట్టడానికి చోటు మిగల్లేదు. దాంతో తలుపుల హింజ్‌లు పైకప్పు మధ్యకు పోయాయి, తెరిస్తే రెక్కల్లా పైకి లేచాయి. 1954లో న్యూయార్క్‌లో ఆ కారును చూపించినప్పుడు జనం దాన్ని సోకు అనుకున్నారు. నిజానికి అది గడప పెట్టిన ఇబ్బంది. ఎత్తయిన గడప దాటి లోపలికి దూరడం ఎంత కష్టమంటే, అందుకోసం స్టీరింగు చక్రాన్ని మడిచే ఏర్పాటు కూడా చేశారు. ఆబింగ్డన్ కారు ధరకు అలాంటి వైభోగాలు కుదరవు. గడప ఎత్తు కాలు దాటేంత, బలం రోడ్డుకు సరిపోయేంత. ఆ బేరం మీదే ఎం.జి.బి. నడిచింది.

పుచ్చిన గడపలు కోసి కొత్తవి అతకాలంటే ముందు ద్వారం కొలతలు మారకుండా బిగించాలి. తలుపు తీసేసి, ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఉక్కు గొట్టాలు అడ్డంగా, ఏటవాలుగా తాత్కాలికంగా అతుకుతారు. ఏటవాలు గొట్టం ముఖ్యం. నాలుగు కర్రలతో చేసిన చట్రం మూలల దగ్గర ఊగుతుంది, ఒక ఏటవాలు కర్ర కొడితే త్రిభుజాలు ఏర్పడి బిగుసుకుంటుంది. మంచం పట్టెలు ఊగుతుంటే మనం చేసేదీ ఇదే. ఈ పని మానేసి గడప కోసినవాళ్ల కథ ఒకేలా ముగుస్తుంది. కారు రెండు సగాలూ నిశ్శబ్దంగా ఒకదానివైపు ఒకటి ఒరుగుతాయి. కొత్త గడప ఆ ఒరిగిన కొలతకే అతుక్కుంటుంది. ఇప్పుడు వంకరే శాశ్వతం, అదీ కొత్త ఉక్కు బలంతో.

వెల్డింగు వేడి ఇంకో దొంగ. ఉక్కు ప్రతి డిగ్రీకీ మీటరుకు 0.012 మిల్లీమీటరు సాగుతుంది. మీటరు గడపను వంద డిగ్రీలు వేడెక్కిస్తే 1.2 మిల్లీమీటర్లు. చల్లారితే మళ్లీ కుంచించుకుంటుంది కదా అనుకుంటే, సమంగా కుంచించుకోదు. కరిగి గడ్డకట్టిన అతుకు దారంలా పక్క రేకును తనవైపు లాగేస్తుంది. అందుకే ఒక చివర మొదలుపెట్టి ఇంకో చివరిదాకా ఏకధాటిగా అతకరు. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, మధ్యలో చల్లారనిచ్చి మళ్లీ. అన్నిటికంటే వింత ఏమిటంటే, బయటి గడప రేకును ముందు క్లాంపులతో పట్టించి, తలుపునూ ముందు మడ్‌గార్డునూ వేలాడదీసి, సందులన్నీ చూసుకుని, అప్పుడు అతుకుతారు. ఇంటికి గడప మొదట, తలుపు చివర. ఈ కారుకు తలుపు వేలాడాకే గడప.

ఇప్పుడు తలుపు దగ్గరికి వద్దాం.

తలుపు ఒక చివర మాత్రమే పట్టుకున్న దూలం. రెండు హింజ్‌ల మధ్య ఎడం 30 సెంటీమీటర్లనీ, తలుపు బరువు 20 కిలోలనీ, ఆ బరువు హింజ్‌లకు 45 సెంటీమీటర్ల దూరంలో కేంద్రీకరించి ఉందనీ లెక్క కోసం అనుకుందాం. ఇరవైని నలభై ఐదుతో హెచ్చించి ముప్పైతో భాగిస్తే ముప్పై. తెరిచి ఉన్న తలుపు పై హింజ్‌ను 30 కిలోల బలంతో స్తంభం నుంచి పీకుతుంది, కింది హింజ్‌ను అంతే బలంతో స్తంభంలోకి నెడుతుంది. ఇక స్పోర్ట్స్ కారు నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, దిగేటప్పుడు తలుపు మీద చెయ్యి ఆనించి లేవనివాడు ఉండడు. అంచుకు దగ్గరగా, హింజ్‌లకు 90 సెంటీమీటర్ల దూరంలో 30 కిలోల బరువు మోపితే, హింజ్‌కు పడేది ఇంకో 90 కిలోలు. ఇలా నలభై ఏళ్లు.

హింజ్ పిన్నులు ఒక్కొక్కటీ అర మిల్లీమీటరు అరిగాయనుకోండి. పైన అర, కింద అర, కలిపి ఒక మిల్లీమీటరు వాలు. ముప్పై సెంటీమీటర్లకు ఒకటంటే 95 సెంటీమీటర్ల తలుపు చివర మూడు మిల్లీమీటర్లకు పైగా. అరుగు వేలితో తాకినా తెలియదు, తలుపు మాత్రం కళ్లముందే జారింది. ఈ హెచ్చవేతే సరిచేసేవాడికి వరం కూడా. కింది హింజ్‌కూ స్తంభానికీ మధ్య ఒక మిల్లీమీటరు రేకు ముక్క ప్యాకింగు పెడితే తలుపు తోక మూడు మిల్లీమీటర్లు లేస్తుంది. అదే ముక్క పై హింజ్ వెనక పెడితే మూడు మిల్లీమీటర్లు దిగుతుంది. హింజ్ బోల్టులు వదులుచేసి తలుపును భుజంతో ఎత్తి బిగించే మొరటు పద్ధతి కంటే ఈ ముక్కలు నయం. చెప్పిన లెక్క చెప్పినట్టు వస్తుంది, రేపు మనసు మారితే తీసేయొచ్చు.

లోపలికీ బయటికీ జరపడం ఇంకా తమాషాగా ఉంటుంది. ముక్కాలిపీట ఎంత ఎగుడుదిగుడు నేల మీదైనా ఊగకుండా కూర్చుంటుంది, నాలుగు కాళ్ల పీట ఊగుతుంది. మూడు బిందువులు ఎప్పుడూ ఒక తలాన్ని నిర్ణయిస్తాయి కాబట్టి. మూసిన తలుపుకు ఆనికలు మూడే, రెండు హింజ్‌లూ ఒక లాకూ. కానీ తలుపుకు మూలలు నాలుగు. పై హింజ్‌ను కొంచెం బయటికి లాగామనుకోండి. కింది హింజ్, లాకు కదలవు కాబట్టి, ఆ రెంటినీ కలిపే ఏటవాలు గీత చుట్టూ తలుపంతా తిరుగుతుంది. ముందు పై మూల బయటికొస్తే, ఆ గీతకు అవతలున్న వెనక కింది మూల లోపలికి పోతుంది. వెనక కింద తలుపు పొడుచుకొచ్చిందని అక్కడే సుత్తి పట్టుకు కూర్చుంటే సాయంత్రమైపోతుంది. ముందు పైన రెండు బోల్టులు తిప్పితే ఐదు నిమిషాల పని. పంచదార ఎక్కడ పోస్తే తీపి ఎక్కడ తెలుస్తుందో అనుభవం ఉన్న టింకరింగు మేస్త్రీ చేతికే తెలుసు, జ్యామితి పేరు తెలియకపోయినా.

ఈ పనిలో పెద్ద అపచారం చేసేది స్ట్రైకర్ దగ్గర. స్ట్రైకర్ అంటే వెనక స్తంభం మీద ఉండే, లాకు వచ్చి పట్టుకునే ముక్క. తలుపు జారినప్పుడు దాన్ని కాస్త పైకి జరిపితే, మూసేటప్పుడు తలుపు దానిమీదకు ఎక్కి సరైన ఎత్తుకు వస్తుంది. సందు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ మూసిన ప్రతిసారీ జారిన తలుపును ఎత్తే కూలి పని స్ట్రైకర్ నెత్తిన పడింది. లాకు అరుగుతుంది, హింజ్ ఇంకా అరుగుతుంది. ఈ మోసం పట్టుకోవడానికి స్ట్రైకర్‌ను పూర్తిగా విప్పేయాలి. అప్పుడు తలుపును మెల్లగా దగ్గరికి వేసి, చివరి రెండు అంగుళాలు దాని వెనక అంచును కళ్లార్పకుండా చూడాలి. లేవకుండా, దిగకుండా ద్వారంలోకి వచ్చి కూర్చుంటే హింజ్‌ల పని ముగిసింది. స్ట్రైకర్ వచ్చి తలుపును ఎక్కడుందో అక్కడ పట్టుకోవాలి, అంతే. చుట్టూ వేసే రబ్బరు కూడా ఈ దశలో ఉండకూడదు. ఇప్పుడు దొరికే కొత్త రబ్బరు కొన్నిసార్లు మరీ గట్టిగా ఉండి తలుపును బయటికి నెడుతుంది. రబ్బరు మీద కోపం హింజ్ మీద చూపించి సర్దిన తలుపులు చాలా ఉన్నాయి.

పని వెనక నుంచి ముందుకు నడుస్తుంది. ఎం.జి.బి.లో వెనక మడ్‌గార్డు ఒంటికి అతికేసి ఉంటుంది, ముందుది బోల్టులతో బిగించింది. జరగనిదానికి జరిగేదాన్ని కుదర్చాలి గానీ తలకిందులుగా చేస్తే కుదరదు. తలుపును మొదట వెనక మడ్‌గార్డుకు, తర్వాత గడపకు సరిచూసుకుని, చివరికి ముందు మడ్‌గార్డును తెచ్చి తలుపుకు అప్పగిస్తారు. ఇదంతా ఖాళీ డొల్ల స్టాండ్ల మీద ఉండగా చేసి రంగు వేయించేసినవాళ్లు, ఇంజనూ గేరుబాక్సూ దించిన రోజు తెల్లబోతారు. ఒళ్లు బరువుకు మళ్లీ ఒక పిసరు వంగుతుంది. కారు బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడు చూసిన సందే సందు.

ప్యాకింగుకూ బోల్టుకూ లొంగని తలుపులుంటాయి. పై అంచు మడ్‌గార్డు కంటే బయటికి వచ్చి, కింది అంచు సరిగ్గా ఉంటే తలుపే మెలిపడిందని అర్థం. అప్పుడు చెక్కముక్క బయటికొస్తుంది. లోపలికి రావాల్సిన మూల కాక, ఇంకో మూల దగ్గర ద్వారానికీ తలుపుకూ మధ్య చెక్క పెట్టి, రావాల్సిన మూలను మోకాలితో లేదా అరచేత్తో మెల్లగా నెడతారు. వదిలితే తిరిగి యథాస్థానానికి వచ్చేస్తుంది. ఇంకొంచెం నెడతారు. మళ్లీ వచ్చేస్తుంది. ఉన్నట్టుండి ఒకసారి పూర్తిగా రాదు. సాగేది బలానికి తగ్గట్టు సాగుతుందన్న సంగతిని రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు కలగలిపిన పొడుపుకథగా అచ్చువేసి, జవాబును 1678లో విప్పాడు. ఎవరైనా తన ఆలోచన ఎత్తుకుపోతారని ఆయనకు ఎప్పుడూ గుబులే. మోకాలితో నెట్టినంతసేపూ తలుపు హుక్ చెప్పిన మాట వింటుంది. మెత్తటి ఉక్కు వెయ్యిలో ఒకటి రెండు వంతులు సాగేదాకా ఆ హద్దులో ఉంటుంది. హద్దు దాటిన భాగమే మనకు మిగిలే వంపు. అందుకే రెండు మిల్లీమీటర్లు వంచాలంటే పది మిల్లీమీటర్లు నెట్టాల్సి రావచ్చు, ఎనిమిది తిరిగి వచ్చేస్తాయి. హద్దు ఎక్కడుందో బయటికి కనబడదు. ఒక్కసారి ఊపు ఎక్కువైతే ఎం.జి.బి. తలుపు రేకు త్రికోణపు చిన్న అద్దం కిందుగా చిట్లుతుంది. ఎవరూ నెట్టకపోయినా అక్కడ చిట్లడం ఆ కారుకు పేరుమోసిన జబ్బు.

ఇంతా చేసి, ఒక మిల్లీమీటరు తేడాను ఎవరు చూడొచ్చారు? అందరూ చూస్తారు, అదే చిక్కు. కంటి వెనక, చూపు పదునుగా ఉండే చోట వెలుతురును పట్టే కణాల మధ్య ఎడం కోణంలో సుమారు 30 ఆర్క్ సెకన్లు. డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను. ఆ లెక్కన అంతకంటే సన్నటి తేడా మనకు తెలియకూడదు. కానీ రెండు గీతలు ఒకే వరసలో ఉన్నాయా, ఒకటి పక్కకు తొలిగిందా అని అడిగితే, కన్ను పది ఆర్క్ సెకన్ల కంటే తక్కువ తొలగుడును కూడా పట్టేస్తుంది. మెదడు ఎన్నో కణాల కబుర్లు కలిపి సగటు తీయడం వల్ల ఇది సాధ్యం. 1631లో పియెర్ వెర్నియర్ తన కొలత స్కేలును ఈ శక్తి మీదే ఆధారపడి చేశాడు. 1975లో జెరాల్డ్ వెస్ట్‌హైమర్ దీనికి హైపర్ అక్యూటీ అని పేరు పెట్టాడు, అతిసూక్ష్మ దృష్టి అనుకోవచ్చు. మంచి వెలుతురులో మూడు మీటర్ల దూరం నుంచి పది ఆర్క్ సెకన్లంటే 0.15 మిల్లీమీటరు. తలుపు మీది మెరుపు గీత మడ్‌గార్డు మీదికి కొనసాగే చోట అంత మెట్టు ఉన్నా, కారంటే ఏమీ తెలియని పక్కింటి మనిషి కూడా "ఏదో తేడాగా ఉంది" అంటాడు. పైగా మెరిసే రంగు అద్దమే. అద్దం ఒక డిగ్రీ ఒరిగితే ప్రతిబింబం రెండు డిగ్రీలు తిరుగుతుంది. లోపం రెట్టింపై కనబడుతుంది.

అదే కన్ను సందు వెడల్పును కొలవడంలో మాత్రం సాదాసీదా. నాలుగు మిల్లీమీటర్లా ఐదా అంటే చెప్పలేదు. పైన నాలుగు, కింద ఆరు ఉంటే వెంటనే పట్టేస్తుంది. అంటే ఐదు ఐదుగా ఉన్న సందు, నాలుగు నుంచి ఆరుకు జారే సందు కంటే అందంగా ఉంటుంది. పనివాడికి ఇది ఊరట. సరైన కొలత కోసం కాకుండా సమానమైన కొలత కోసం పాటుపడితే చాలు.

కన్ను చూడలేని చోట వేలు ఉంది. 2013లో స్వీడన్ పరిశోధకులు, నునుపు తలం మీద 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతలను కూడా జనం వేలితో రాసి గుర్తుపట్టగలరని చూపించారు. తలుపు నుంచి మడ్‌గార్డు మీదికి మేస్త్రీ పలచటి నూలు గుడ్డ వేసి అరచెయ్యి జార్చేది ఇందుకే. గుడ్డ జిడ్డునూ రాపిడినీ తగ్గిస్తుంది, చేతికి తలం వంపు మాత్రమే తెలుస్తుంది.

ఎం.జి.బి. కాలంలో ఈ సమానత్వాన్ని కొందరు కొనుక్కున్నారు. 1961లో జెనీవాలో విడుదలైన జాగ్వార్ ఇ-టైప్ ఒంటి మీది అతుకులను కరిగించిన సీసంతో నింపి, ఆకురాయితో రుద్ది నునుపు చేసేవారు. పోర్షె 356 తలుపును ఆ కారు ఒంటికే కుదిర్చి, దాని మీద అదే చాసీ నంబరు చివరి అంకెలు కొట్టేవారు. ఇంకో 356 తలుపు తెచ్చి బిగిస్తే కుదరాలన్న పూచీ ఏమీ లేదు. టి.ఆర్.6 దాకా వచ్చిన ట్రయంఫ్ టి.ఆర్. కార్లకు చాసీ విడిగా ఉండడం వల్ల ఇంకో సౌకర్యం ఉంది. బాడీకీ చాసీకీ మధ్య, బోల్టుల దగ్గర ప్యాకింగు పెట్టి ఒళ్లునే వంచొచ్చు. ద్వారం నడిమికి దిగువన ఒక ముక్క పెడితే పై సందు విచ్చుకుంటుంది. టి.ఆర్. యజమానులు తలుపును ముట్టుకోకుండా తలుపు సరిచేస్తారంటే నమ్మాలి. ఎం.జి.బి.కి ఆ దారి లేదు గానీ అదృష్టం వేరే రూపంలో వచ్చింది. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత ప్రెస్సు అచ్చులు సేకరించి, ఎం.జి.బి. డొల్లలను మళ్లీ కొత్తగా కొట్టడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ మూతపడిన ఎనిమిదేళ్లకు అదే కారు ఒళ్లు కొత్తగా పుట్టింది. వాటికి కూడా తలుపులు చేత్తోనే కుదర్చాలి.

రంగుకు ముందు ఇంకో చిన్న లెక్క ఉంది. ప్రైమరూ రంగూ కలిసి ఒక్కో అంచుకు 0.15 మిల్లీమీటరు చేరితే, ఎదురెదురు అంచులకు కలిపి 0.3. ఇరుగ్గా కుదిర్చిన సందు రంగుతో ఇంకా ఇరుకై, మొదటి వేసవిలో అంచులు రాసుకుని పెచ్చులు లేస్తాయి. కాబట్టి రంగుకు పంపేముందు నాలుగు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ నున్నటి కాడను సందు పొడుగునా నడిపిస్తారు. పట్టకుండా, మరీ వదులుగా ఊగకుండా జారాలి. నాలుగున్నరది కూడా ఒకటి దగ్గరుంటే మంచిది, ఎక్కడ ఎక్కువైందో అది చెబుతుంది.

తర్వాత పెయింటు టేపు చిన్న ముక్కలు చింపి, ఒక్కో మూల దగ్గర అంటించి, బాల్ పెన్నుతో అంకె రాస్తారు. ఎడమ వెనక పైన 4.3. ఎడమ వెనక కింద 4.5. ముందు పైన 4.2. ముందు కింద 4.6. రంగు పని ముగిసి, ఇంజను ఎక్కి, సీట్లు బిగించి, కారు గతుకుల రోడ్డు మీద ఒక రోజంతా తిరిగి వచ్చాక, అదే డ్రిల్ బిట్టూ ఆ అంకెలు ఎక్కించుకున్న నోటుపుస్తకమూ పట్టుకుని మళ్లీ తలుపు పక్కన చతికిలబడతారు. వెనక పైన 4.3 కాస్తా, రంగు తినేసే 0.3 కంటే ఎక్కువే తగ్గి, 3.6 అయిందంటే, స్పానర్ పక్కన పడేసి, టార్చిలైటు తీసుకుని కారు కింద దూరతారు.